మొల్ల, వెంగమాంబ తెలుసు, మరి పాతకాలంలో ఆడవాళ్ళ పుస్తకాలు అచ్చు వేయించిందెవరు?

గోదారి_చదువరి:
అందరికీ నమస్కారం. నవంబర్‌లో గ్రంథాలయ వారోత్సవాలకి మా ఊరి లైబ్రరీలో ఒక అరగంట మాట్లాడమన్నారు, "పూర్వం తెలుగులో రాసిన స్త్రీలు" అని టాపిక్ కూడా వాళ్ళే ఇచ్చేశారు. తాళ్ళపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం, మొల్ల రామాయణం, తరిగొండ వెంగమాంబ, ఈ మూడు పేర్లు స్కూల్లో చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు కదా, మళ్ళీ అవే చెప్తే ఆవలిస్తారు. నాకు అసలు డౌట్ వేరే ఉంది. రాయడం ఒక ఎత్తు, రాసింది నలుగురి చేతికి వెళ్ళడం ఇంకో ఎత్తు. ప్రెస్సులు వచ్చాక ఆడవాళ్ళు రాసినవి అచ్చు వేయాలంటే డబ్బు ఎవరు పెట్టారు, ప్రతులు సరిచూసి తప్పులు దిద్ది ఎవరు పరిష్కరించారు, పత్రికల్లో ఎడిటర్‌గా ఆడవాళ్ళ పేరు ఎప్పటినుంచి కనిపిస్తుంది? అంతా మగవాళ్ళ దయేనా, లేక వీళ్ళు కూడా ఆ పని చేశారా? తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

పాతపుస్తకాల_పిచ్చి:
మీ ప్రశ్నకి సరిగ్గా సరిపోయే పేరు బెంగుళూరు నాగరత్నమ్మ గారు. అందరూ ఆవిడని తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన గాయనిగా తలుచుకుంటారు, అది నిజమే, కానీ తెలుగు పుస్తక చరిత్రలో ఆవిడ చేసిన పని దానికి ఏమాత్రం తక్కువ కాదు.

కథ ముద్దుపళనితో మొదలవుతుంది. 18వ శతాబ్దం, తంజావూరు, మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువు. ముద్దుపళని అక్కడి కళావంతురాలు, పండితురాలు. ఆవిడ రాసిన రాధికా సాంత్వనంలో రాధ తానే పెంచిన ఇళ అనే పిల్లని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది, చేశాక తట్టుకోలేకపోతుంది, చివరికి కృష్ణుడు వచ్చి బతిమాలుకోవాలి. శృంగారం దండిగా ఉంటుంది, దాచేదేం లేదు. నాకు మాత్రం శృంగారం కన్నా ఆవిడ అవతారిక, అంటే కావ్యం మొదట్లో కవి తన గురించి చెప్పుకునే భాగం, నచ్చుతుంది. తన వంశంలోని ఆడవాళ్ళ గురించి, తన విద్య గురించి, తనకి ఇతర కవులు కృతులు అంకితమిచ్చారన్న సంగతి గురించి ఏమాత్రం మొహమాటం లేకుండా చెప్పుకుంటుంది. మొల్ల తన అవతారికలో నాకంత పాండిత్యం లేదని ఎంత ఒదిగి చెప్పుకుందో గుర్తుందా, దాని పక్కన పెట్టి చదవండి, తేడా తెలుస్తుంది.

ఈ కావ్యం 1887లో అచ్చయింది. పరిష్కర్త పైడిపాటి వెంకటనరసు గారు, సి.పి. బ్రౌన్ దగ్గర పనిచేసిన పండితుడు. అచ్చయితే అయింది గానీ ఆ ప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయి, అవతారిక కూడా లేదు. అంటే కావ్యం రాసినావిడ తన గురించి తాను చెప్పుకున్నదే పోయిందన్నమాట! నాగరత్నమ్మ గారు ఆ అచ్చు పుస్తకం సంపాదించారు, తర్వాత చేతిరాత ప్రతి దొరికితే రెండూ దగ్గర పెట్టుకుని చూసి, ఏమేం పోయాయో పట్టుకున్నారు. అన్నీ తిరిగి చేర్చి, తన పీఠికతో 1910లో మద్రాసు ప్రచురణకర్తలు వావిళ్ళ వారి ద్వారా వెలువరించారు. ఈ పనిని మన వ్యాసాల్లో "నాగరత్నమ్మ పునర్ముద్రించారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు, నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారో మానవల్లి రామకృష్ణకవి గారో ఇదే పని చేస్తే గ్రంథపరిష్కరణ అంటాం, ఆవిడ చేస్తే పునర్ముద్రణ!

పీఠికలో ఆవిడ ఎవరితో తలపడ్డారో కూడా చెప్పాలి. సాక్షాత్తూ కందుకూరి వీరేశలింగం గారితో. ఆయన ఆంధ్ర కవుల చరిత్రలో ముద్దుపళనిని వేశ్య అని, ఆ శృంగారం ఆడది రాయదగ్గది కాదని, వినదగ్గది కాదని తీసిపారేశారు. దానికి ఆవిడ సూటిగా అడిగారు, సిగ్గు ఆడవాళ్ళకేనా మగవాళ్ళకి లేదా అని. అక్కడితో వదల్లేదు, మగకవి రాసిన శృంగార కావ్యం వైజయంతీ విలాసంలో ఉన్నది ఇంతకన్నా తక్కువా, దానికి లేని అభ్యంతరం దీనికెందుకు అని కూడా నిలదీశారు. 1910లో ఒక దేవదాసీ కుటుంబపు స్త్రీ, తెలుగునాట అందరూ తలెత్తి చూసే సంస్కర్తని అచ్చులో ఇలా అడిగిందంటే ఆ రోజుల్లో ఎంత అలజడి అయి ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. పత్రికల్లో గోల, ప్రభుత్వానికి ఫిర్యాదులు, 1911లో పోలీసులు ప్రతులు పట్టుకెళ్ళారు. వావిళ్ళ వారు, పండితులు విజ్ఞప్తులు చేసినా అప్పుడు ఫలితం లేదు. మళ్ళీ 1947లో టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి) ఉన్నప్పుడు నిషేధం తీసేశారు, 1952లో వావిళ్ళ వారు మళ్ళీ వేశారు. నాగరత్నమ్మ గారు పోయింది కూడా ఆ ఏడాదే.

రాజు_నెల్లూరు:
బాగుంది. కానీ వీరేశలింగం గారిని మరీ విలన్‌ని చేయకండి సార్. ఆడపిల్లల చదువు కోసం, వితంతు వివాహాల కోసం ఆయన పడ్డ పాట్లు అందరికీ తెలుసు, స్త్రీల కోసం 1883లోనే సతీహితబోధిని పత్రిక పెట్టారు. ఆ కాలం అలాంటిది.

పాతపుస్తకాల_పిచ్చి:
రాజు గారూ, విలన్ అని నేనెక్కడా అనలేదండి. ఆ పత్రిక పెట్టిన మనిషే ఈ మాట అన్నారన్నదే ఇక్కడ పాయింట్. ఆడవాళ్ళు చదవాలి, ఏం చదవాలో మేం చెప్తాం, అన్న ధోరణి అది. సతీహితబోధిని అన్న పేరు చూడండి, హితం బోధించడానికి పెట్టిన పత్రిక. ఇక "ఆ కాలం అలాంటిది" అనడానికి లేదు, ఎందుకంటే నాగరత్నమ్మ గారిదీ ఆ కాలమే.

శారద_హైదరాబాద్:
పత్రికల సంగతి నేను చెప్తాను, ఎం.ఏ.లో కొంత చదివాను.

మొదట్లో స్త్రీల పత్రికలన్నీ మగవాళ్ళు పెట్టినవే. సతీహితబోధిని గురించి పైన చెప్పారు, ఆ తర్వాత 1890లలో రాయసం వెంకటశివుడు గారి తెలుగు జనానా. మలుపు 1902లో వచ్చిన హిందూసుందరితో వచ్చింది. ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య గారు పెట్టారు. ఆయన ఎడిటర్ కుర్చీ తన దగ్గరే ఉంచుకోకుండా మొసలికంటి రమాబాయమ్మ, వెంపటి శాంతాబాయమ్మ గార్లకి అప్పగించారు. ఆ తర్వాత కాకినాడ నుంచి పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు సావిత్రి పత్రిక నడిపారు, అది 1904 ప్రాంతం. అంటే మీ ప్రశ్నకి సూటి జవాబు, 20వ శతాబ్దం మొదటి నాలుగైదేళ్ళలోనే తెలుగులో స్త్రీలు సంపాదకులుగా ఉన్నారు. అందరూ ఒకే మాట మీద ఉన్నారనుకోకండి, లక్ష్మీనరసమాంబ గారికి వితంతు వివాహం అంటే సరిపడేది కాదు, ఆ విషయంలో వీరేశలింగం గారి వర్గంతో గట్టిగానే విభేదించారు. స్త్రీ ఎడిటర్ అనగానే అభ్యుదయం అనుకుని మాట్లాడేస్తే స్టేజీ మీద దొరికిపోతారు మీరు, జాగ్రత్త.

హిందూసుందరి అనగానే భండారు అచ్చమాంబ గారిని చెప్పకుండా ఉండలేం. 1874లో నందిగామ దగ్గర పెనుగంచిప్రోలులో పుట్టారు. కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్క. చిన్నప్పుడే పెళ్ళి, భర్త ఉద్యోగం మధ్య పరగణాల్లో, బడికి వెళ్ళి చదివింది లేదు. తమ్ముడు వాళ్ళింట్లో ఉండి చదువుకుంటుంటే ఆ తమ్ముడి దగ్గరే నేర్చుకున్నారు. తెలుగుతో ఆగలేదు, హిందీ, మరాఠీ, బెంగాలీ, గుజరాతీ కూడా పట్టారు. ఆ భాషల్లో పుస్తకాలు వెతికి వెతికి, మన దేశ చరిత్రలో కనిపించే స్త్రీల జీవితాలు పోగుచేసి అబలా సచ్చరిత్ర రత్నమాల రాశారు, మొదటి భాగం 1901లో పుస్తకంగా వచ్చింది. స్త్రీలు బలహీనులు, తెలివితక్కువవాళ్ళు అనేవాళ్ళకి జవాబు చెప్పడానికే రాస్తున్నానని ఉద్దేశం దాచుకోలేదు. పురాణాల్లోని స్త్రీలు, విదేశీ స్త్రీలు తర్వాతి భాగాలని ప్లాన్. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టారు, ఊళ్ళు తిరిగి ఇలాంటి సమాజాల కోసం మాట్లాడారు. ఆ ఏడాదే హిందూసుందరిలో ధనత్రయోదశి కథ వచ్చింది. తెలుగులో మొదటి కథ అని చాలామంది చెప్పే గురజాడ గారి దిద్దుబాటు 1910లో, లెక్క మీరే వేసుకోండి. 1905లో చనిపోయారు, అప్పటికి ముప్ఫై దాటారు అంతే.

మీ డబ్బు ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు ఇది. సమాజాలూ పత్రికలూ ఒకదాన్నొకటి మోసుకున్నాయి. ఊళ్ళో స్త్రీ సమాజం పెడితే అక్కడ చదవడానికి పత్రిక తెప్పిస్తారు, పత్రికలో ఆ సమాజం కబుర్లు వేస్తారు, అది చూసి పక్క ఊరివాళ్ళు ఇంకోటి పెడతారు. అచ్చమాంబ గారు ఊళ్ళు తిరగడానికీ, పత్రికకి రాయడానికీ సంబంధం ఉంది. రెండూ వేరువేరు పనులు కావు.

విశ్వం_డల్లాస్:
ఒక డౌట్, తప్పుగా అనుకోవద్దు. ఆ రోజుల్లో మగవాళ్ళు ఆడపేర్లతో రాయడం ఉండేది కదా. ఇవన్నీ నిజంగా ఆడవాళ్ళే రాశారని గ్యారంటీ ఏంటి? అన్నో భర్తో రాసిచ్చి పేరు పెట్టి ఉండొచ్చుగా.

శారద_హైదరాబాద్:
విశ్వం గారూ, ఈ డౌట్ మీకొక్కరికే కాదు, వందేళ్ళుగా ఉంది. మొల్లకీ వచ్చింది, ముద్దుపళనికీ వచ్చింది. మారుపేర్లు ఉండేవి, కాదనను. కానీ అచ్చమాంబ గారి విషయంలో సభల్లో ఆవిడ మాట్లాడగా విన్నవాళ్ళున్నారు, ఆవిడతో కలిసి పనిచేసినవాళ్ళున్నారు, ఆవిడ పోయాక రాసుకున్నవాళ్ళున్నారు. తమ్ముడు లక్ష్మణరావు గారు గొప్ప పండితుడు, నిజమే, ఆయన శైలీ ఈవిడ శైలీ రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చదివితే మీకే తెలుస్తుంది. ఆ రోజుల్లో ఎంతమంది మగ కవుల పద్యాలు వాళ్ళ గురువులు దిద్దిపెట్టి ఉంటారో ఎవరూ అడగరు ఎందుకో.

కందిపప్పు:
లెస్స పలికితిరి మేడమ్ 👏

మల్లన్న_ఓరుగల్లు:
అన్నీ చదివిన. బాగనే ఉంది గానీ ఒకటి అడుగుత. ఇందులో ఎవరున్నరు? ఒకవైపు తంజావూరు కళావంతులు, ఇంకోవైపు చదువుకున్న తమ్ముడో భర్తో ఉన్న బ్రాహ్మణ ఇండ్ల ఆడవాళ్ళు. నడుమ ఊళ్ళల్ల ఉన్న లక్షల మంది ఎటుపోయిన్రు? నాట్లేసుకుంట పాటలు కట్టిన అమ్మలు రచయితలు కాదా? మా అవ్వ బతుకమ్మ పాటలు పొద్దుందాక పాడేది, ఒక్కటన్న కాయితం మీద లేదు. స్పీచ్‌ల ఈ ముక్క లేకపోతే లైబ్రరీకొచ్చినోళ్ళల్ల సగం మందికి అది వాళ్ళ ముచ్చట అనిపియ్యదు.

పాతపుస్తకాల_పిచ్చి:
మల్లన్నా, నూటికి నూరుపాళ్ళు నిజం. ఒక్కటి కలుపుతాను. కళావంతులకి అది వీలైంది ఎందుకంటే వాళ్ళకి చదువు వృత్తిలో భాగం, ఆస్తి కూడా ఆడవాళ్ళ పేరనే ఉండేది. తంజావూరు రాజు విజయరాఘవ నాయకుడి కొలువులో రంగాజమ్మ మన్నారుదాస విలాసం రాసిందన్నా, అంతకుముందు రఘునాథ నాయకుడి మీద రామభద్రాంబ సంస్కృతంలో రఘునాథాభ్యుదయం రాసిందన్నా వెనుక కొలువు ఉంది, జీతం ఉంది. నాగరత్నమ్మ గారిది కచేరీల్లో సొంతంగా సంపాదించుకున్న డబ్బు. పెళ్ళయిన ఇల్లాలికి చదువొచ్చినా చేతిలో పైసా ఉండదు, మీరు చెప్పిన నాట్లేసే అమ్మకి రెండూ లేవు. అందుకే గోదారి గారు "అచ్చు వేయించిందెవరు" అని అడగడం నాకు నచ్చింది. ఎవరు రాశారు అని మాత్రమే అడిగితే ఈ సంగతి బయటికి రాదు.

గోదారి_చదువరి:
అబ్బో, అరగంట కాదు మూడు గంటల మేటర్ ఇచ్చారు. అందరికీ థాంక్స్. నాగరత్నమ్మ గారి పీఠికతో మొదలుపెట్టి, అక్కడినుంచి హిందూసుందరికి వెళ్తాను. మల్లన్న గారూ, మీ మాట కచ్చితంగా పెడతాను, మా ఊళ్ళో నాట్ల పాటలు వచ్చిన పెద్దమ్మ ఒకావిడ ఉన్నారు, వీలైతే ఆవిడనే పాడమని అడుగుతాను. ఇంకొక్క ప్రశ్న. లైబ్రరీ కేటలాగ్‌లో అచ్చమాంబ అని వెతికితే డాక్టర్ అని ఒకచోట, పార్లమెంటు సభ్యురాలు అని ఇంకోచోట వస్తోంది. ఈవిడేనా? 1905లో పోయారన్నారు కదా?

శారద_హైదరాబాద్:
కాదండి, ఆవిడ కొమర్రాజు అచ్చమాంబ, లక్ష్మణరావు గారి కూతురు. 1906లో పుట్టారు, అంతకుముందు ఏడాదే పోయిన మేనత్త పేరు పెట్టారు. డాక్టరు, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. చాలా వ్యాసాల్లో ఇద్దరినీ కలిపేస్తుంటారు, ఫొటో పెట్టేటప్పుడు మరీ జాగ్రత్తగా చూసుకోండి. టైమ్ మిగిలితే గృహలక్ష్మి పత్రిక కూడా చెప్పండి, 1928లో మద్రాసులో కె.ఎన్. కేసరి గారు పెట్టారు. స్త్రీల మందు లోధ్రతో సంపాదించిన మనిషి. 1934 నుంచి రచయిత్రులకి ఏటా స్వర్ణకంకణం ఇచ్చారు, మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మ గారికి. మీ డబ్బు ప్రశ్నకి అదొక జవాబు, మందు సీసాలు అమ్మిన డబ్బుతో బంగారు కంకణం. జనం నవ్వుతారు కూడా.