వృద్ధి లక్ష్యాన్ని విభాగాలకు అంకెలుగా పంచాలా, ముందు పని పద్ధతిని సరిచేయాలా?

అంబత్తూరు వాసి:
చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ఉత్పత్తి విభాగాన్ని చూస్తున్నాను. వచ్చే ఏడాది అమ్మకాలను పావు వంతు పెంచాలని నిర్ణయించిన యాజమాన్యం, ఆ పెంపును సేల్స్, ఉత్పత్తి, తనిఖీ, డిస్పాచ్ విభాగాలకు వేర్వేరు టార్గెట్లుగా పంచి, ఇన్సెంటివ్‌ను కూడా వాటికే ముడిపెట్టింది. ఇది సరైన దారి కాదని నా అభిప్రాయం. మీరేమంటారు?

గిండీ మిత్రుడు:
నేను ఒప్పుకోను. అంకె లేని లక్ష్యం కోరికగానే మిగిలిపోతుంది. చిప్‌ల సంస్థ ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ రూపొందించిన ఓకేఆర్ పద్ధతిని, అంటే లక్ష్యాన్నీ దాన్ని చేరామని కొలిచి చూపే ఫలితాలనూ ముందే రాసుకునే పద్ధతిని, పెట్టుబడిదారు జాన్ డోర్ 1999లో గూగుల్‌కు పరిచయం చేసే నాటికి ఆ సంస్థ చాలా చిన్నది. అది పెరిగి పెద్దదైనా ఆ పద్ధతిని వదలలేదు. టార్గెట్ తీసేస్తే ఏ పని ముందు చేయించాలో మీ సూపర్‌వైజర్ దేన్ని బట్టి తేల్చుకుంటారు?

అంబత్తూరు వాసి:
లక్ష్యం వద్దనడం లేదండి. అటువంటి లక్ష్యాల పత్రం ఉద్యోగి పనితీరును అంచనా వేయడానికి ఉన్న ఆధారాల్లో ఒకటి మాత్రమే కావాలని గ్రోవ్ స్వయంగా రాశారు. మా దగ్గర జరుగుతున్నది వేరు. నెలాఖరులో టార్గెట్ కోసం సేల్స్ వాళ్లు రకరకాల చిన్న ఆర్డర్లు ఒప్పుకుంటారు. రకం మారిన ప్రతిసారీ మెషిన్ సెట్టింగ్ మార్చాలి కనుక, పీసుల లెక్క చూసుకునే మా విభాగం ఒకే రకాన్ని గుట్టలుగా చేసి పెడుతుంది. అందరి టార్గెట్లూ పూర్తవుతాయి, కస్టమర్ అడిగిన సరుకు మాత్రం వెళ్లదు. ఈ ధోరణి ముదిరితే ఏమవుతుందో అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకులో చూశాం. అమ్మకాల ఒత్తిడికి ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే లక్షల ఖాతాలు తెరిచారు. 2016లో ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది.

పాడి ఇంజనీర్:
మనకు దగ్గరి ఉదాహరణ చెన్నైలోని మా పాడి ప్రాంతంలోనే ఉంది. 1998లో సుందరం క్లేటన్ బ్రేకుల విభాగం నాణ్యత నిర్వహణకు ఇచ్చే డెమింగ్ బహుమతి పొందింది. భారతదేశానికి అది మొదటిసారి. సంఖ్యా టార్గెట్లను అమెరికా నాణ్యతా నిపుణుడు డెమింగ్ గట్టిగా వ్యతిరేకించినా, ఆయన పేరిట బహుమతి ఇచ్చే జపాన్‌లో పెరిగిన, సంస్థ లక్ష్యాన్ని కింది విభాగాల దాకా చేర్చే హోషిన్ కాన్రి పద్ధతిలో అంకెలు ఉంటాయి. అయితే పైనుంచి అంకె ఒక్కటే దిగదు. దాన్ని ఎలా సాధించాలో కింది విభాగం ఆలోచించి, మెషిన్ కావాలో మనుషులు కావాలో పైకి చెబుతుంది. రాకపోకలు ముగిశాకే లక్ష్యం ఖరారవుతుంది. మీ యూనిట్‌లో లోపించింది ఈ సంభాషణేనని నాకనిపిస్తోంది.

గిండీ మిత్రుడు:
ఇది ఒప్పుకుంటాను. కానీ విభాగానికో టార్గెట్ తీసేసి అందరికీ ఉమ్మడి కొలమానం పెడితే, లక్ష్యం తప్పినప్పుడు ఎవరిని అడగాలి?

అంబత్తూరు వాసి:
ఆర్డరు ఏ దశలో ఎన్ని రోజులు ఆగిందో రాసి పెడితే, అడగవలసింది ఎవరినో ఆ కాగితమే చెబుతుంది. ఇన్సెంటివ్‌ను మాత్రం గడువులోగా పూర్తిగా వెళ్లిన ఆర్డర్ల లెక్కన నాలుగు విభాగాలకూ కలిపి ఇవ్వమని యాజమాన్యాన్ని కోరబోతున్నాను.