‘లిటిల్ బేర్’ను తెలుగులో చదివి వినిపించేటప్పుడు చంద్రుడి కథలో పిలుపులు ఎలా ఉండాలి?

ప్రశ్న (అయిదేళ్ల పాప తల్లి):

రాత్రి పడుకునే ముందు మా పాపకు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలను తెలుగులో చదివి వినిపిస్తుంటాను. ఇప్పుడు చదువుతున్నది ఎల్సే హోమ్‌లండ్ మినారిక్ రాయగా మారిస్ సెండాక్ బొమ్మలు వేసిన ‘లిటిల్ బేర్’. అందులోని నాలుగు కథల్లో పాప చంద్రుడి కథనే మళ్లీ మళ్లీ అడుగుతుంది. బుజ్జి ఎలుగు అట్టపెట్టెను అంతరిక్షపు టోపీలా నెత్తిన పెట్టుకుని, చిన్న గుట్ట మీదున్న చిన్న చెట్టెక్కి, కళ్లు మూసుకుని దూకి, దొర్లుకుంటూ కిందికి వచ్చి, ఇక్కడి చెట్లూ పిట్టలూ అచ్చం భూమి మీది వాటిలాగే ఉన్నాయే అనుకుంటూ తన ఇంట్లోకే అడుగుపెడతాడు. తల్లి వాణ్ణి ఎరగనట్టే మాట్లాడుతుంది. మా పిల్లవాడు కూడా ఇలాగే భూమికి ఎగిరి వెళ్లాడు, వాడి భోజనం నువ్వు తినవచ్చు అంటుంది. తల్లి చేత మామూలుగా ‘నువ్వు’ అనిపిస్తే ఆమె నటిస్తోందని పాపకు తెలియడం లేదు, ‘మీరు’ అనిపిస్తే బొత్తిగా అతకడం లేదు. పైగా వాడు నిజంగా చంద్రుడి మీదికి వెళ్లాడా అని పాప రోజూ అడుగుతోంది.

జవాబు (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని):

తల్లి మాటలో ‘నువ్వు’ను మార్చవలసిన పని లేదండీ. మన ఇళ్లలో ముఖం తెలియని పిల్లవాడు గుమ్మంలోకి వస్తే పెద్దవాళ్లు మొదట అడిగే మాట ‘ఎవరబ్బాయివి నువ్వు?’ అనే కదా! కన్నకొడుకును ఏ తల్లీ అలా అడగదు కనుక ఆ ఒక్క ప్రశ్నతోనే నటన మొదలైందని పిల్లలు పసిగడతారు. బుజ్జి ఎలుగు చేత ‘భూమి నుంచి వచ్చానండీ’ అని బదులు చెప్పించండి. చివర వాడు తల్లిని కౌగిలించుకుని, ఇక ఆట చాలు, మనం ఉన్నది భూమి మీదేనని నీకూ తెలుసు అనే చోట ‘అండీ’ తీసేసి ‘అమ్మా’ అనిపించండి. ఆ పిలుపుకు ముందు ఒక్క క్షణం ఆగడం మాత్రం మరిచిపోకండి.

జవాబు (ఇద్దరు మనవల తాతయ్య):

పాప ప్రశ్నకు అవుననీ కాదనీ చెప్పవద్దని నా మనవి. ఆట ఆపే హక్కును రచయిత్రి బుజ్జి ఎలుగుకే ఇచ్చింది. వాడు ఆపేదాకా తల్లి ఆపదు. రచయిత్రి మినారిక్ ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పిన టీచరు, అందుకే పిల్లల ఊహను పెద్దలు ఎక్కడ తుంచేస్తారో ఆమెకు బాగా తెలుసునని నేను నమ్ముతాను. ఈ పుస్తకం వచ్చిన 1957లోనే తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ ఆకాశంలోకి వెళ్లింది, అయినా కథలో రాకెట్టు లేదు, ఉన్నది అట్టపెట్టె ఒక్కటే. పాతకాలపు పొడుగు గౌను తొడుక్కున్న ఆ తల్లి బొమ్మను చూపించి, ‘అమ్మకు తెలుసంటావా?’ అని పాపనే అడగండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మీరు చెప్పినట్టే చదివాను. ‘ఎవరబ్బాయివి నువ్వు?’ అనగానే పాప లేచి కూర్చుని, ‘వాళ్లమ్మకు తెలుసు, ఊరికే అడుగుతోంది’ అన్నది. ఈ రోజు అన్నానికి పిలిస్తే గుమ్మం బయటే నిలబడి, నేను ‘ఎవరమ్మాయివి నువ్వు?’ అని అడిగేదాకా లోపలికి రాలేదు.