అప్‌డేట్: .315 రైఫిల్ ఇంకా రాలేదు

వేసవిలో అడిగింది నేనే. వయసు 23, బెంగళూరులో ఉద్యోగం, మొదటిసారే .315 (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) బోల్ట్ యాక్షన్ రైఫిల్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి తోసేది, కొనాలా అని. అప్పుడు చాలామంది "ముందు లైసెన్స్ సంగతి చూడు" అన్నారు. నేను రైఫిల్ ధరలే వెతుక్కుంటూ కూర్చున్నా, తెలివితక్కువతనం.

21 నిండితే చాలు కదా అనుకున్నా. చాలదు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 13లో అసలు మెలిక ఉంది. 20 అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న మామూలు నున్న గొట్టం (లోపల గాడులు లేని) తుపాకీని రక్షణకో క్రీడకో అడగడం ఒక లెక్క. రైఫిల్‌కైతే "తగిన కారణం" ఉందని లైసెన్స్ ఇచ్చేవాళ్లు నమ్మాలి. అక్కడి అధికారి నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే: "యాకప్పా బేకు?" (ఎందుకయ్యా కావాలి?) తాత దగ్గర ఉండేది సార్ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. వేట అనే మాట ఎత్తనే లేదు, 1972 నుంచి వేటను కట్టడి చేసే వన్యప్రాణి చట్టం ఉండగా అదేం కారణం?

ఒకరు .303 తీసుకోమన్నారు. అది నిషేధిత బోర్ (మామూలు పౌరులకు ఇవ్వని గొట్టం సైజు), మనలాంటివాళ్లకు కుదరదు. .315 బోల్ట్ మాత్రం .303 వాడే పాత సైనిక రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ వంశమే, ముందుకు తోసేటప్పుడే కాక్ అవుతుంది, అంటే పేలడానికి సిద్ధమవుతుంది. ఒక పెద్దాయన దగ్గర ఖాళీది ఆడించి చూశా, ఆ శబ్దం ఇంకా చెవిలో ఉంది.

ప్రస్తుతానికి .177 ఎయిర్ రైఫిల్ కొన్నాను. 20 జౌల్స్ లోపు శక్తిది, లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకు మాత్రం ఇదే ఆఖరిదని చెప్పాను.