బిడ్డ మెదడులో నీటి తిత్తి ఉందన్నారు, ఇలా ఎవరికైనా వచ్చిందా?

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. నాకు ఐదో నెల, తొలి కాన్పు. నల్గొండలో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్) తీయిస్తే బిడ్డ మెదడులో చిన్న నీటి తిత్తి ఉందని వచ్చింది. కోరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్ అట.

డాక్టరమ్మ నిదానంగానే చెప్పింది. మెదడులో నీరు తయారయ్యే చోట ఇవి వస్తుంటాయట. మిగతా అవయవాలు బాగుంటే చాలావరకు 28 వారాలకల్లా వాటంతటవే కరిగిపోతాయి, తెలివితేటలకు ఏం కాదు అంది. మా రిపోర్టులో గుండె, వెన్నెముక అన్నీ బాగున్నాయి. బిడ్డ వేళ్లు విప్పి మూస్తుంటే స్క్రీన్ మీద చూపించింది కూడా. కానీ అరుదుగా ఎడ్వర్డ్స్ సిండ్రోమ్ అనే తీవ్రమైన క్రోమోజోమ్ లోపం ఉన్న పిల్లల్లోనూ ఇది కనిపిస్తుంది, కావాలంటే తల్లి రక్తంతో బిడ్డకు అలాంటి లోపం ఉండే అవకాశం చూసే ఎన్‌ఐపీటీ పరీక్ష చేయించుకోండి అంది. ఆ ఒక్క మాటతో నాకు నిద్ర పడుతలేదు.

అత్తమ్మేమో గ్రహణం నాడు బయటికి వచ్చినవ్, అందుకే అంటోంది. ఆమెదీ భయమే, నాకు కోపం లేదు. కానీ రోజూ ఆ మాట వినడం కష్టంగా ఉంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని ఇంట్లో పెద్దవాళ్లకు మీరెలా నచ్చజెప్పారు?

ఇలా వచ్చినవాళ్లు ఎన్‌ఐపీటీతో ఆగారా, ఉమ్మనీరు పరీక్ష కూడా చేయించారా? హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ డాక్టర్‌ను కలవాలంటే ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలా? మళ్లీ స్కాన్ దాకా ఈ టెన్షన్ ఎలా తట్టుకున్నారు? అక్కలూ, మీ పిల్లలు ఇప్పుడెలా ఉన్నారో కూడా చెప్పండి.