అప్‌డేట్: నాన్న షష్టిపూర్తి కారు ట్రిప్

నాన్నకు అరవై నిండుతున్నాయి, తిరుపతి నుంచి కారులో వైజాగ్ వెళ్లాలా, పుదుచ్చేరి వెళ్లాలా అని అడిగాను కదా. మీలో చాలామంది వైజాగ్ 700 కిలోమీటర్ల పైమాటే, అమ్మ మోకాళ్లకు కష్టం అన్నారు. ఆ మాటే విన్నాం. మహాబలిపురం, పుదుచ్చేరి, మూడు రోజులు.

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లాం. తిరుత్తణి దాటాక చెట్టు కింద కారాపి, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. అమ్మ విస్తరాకులు కూడా సర్దిందని అప్పుడే తెలిసింది!

మహాబలిపురంలో పల్లవుల తీరాలయం కన్నా నాన్నకు నచ్చింది వెన్నముద్ద బండ. వాలు మీద జారకుండా నిలబడిన ఆ గుండును, పంచె ఎగ్గట్టి రెండు చేతులతో నెడుతూ ఫోటో దిగారు. "కదిలిందిరా, చూడు" అని పక్కనున్న పిల్లలతో పందెం కూడా.

టెన్షన్ పెట్టింది పుదుచ్చేరిలో బస. కింది అంతస్తు గది అడిగి బుక్ చేస్తే రెండో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. అరగంట వాదించాక మార్చారు. ముందురోజే ఫోన్ చేసి ఖాయం చేసుకోవాల్సింది, తప్పు నాదే.

సాయంత్రం బీచ్ రోడ్డు మీదకు బండ్లను రానివ్వరు. అమ్మ గాంధీ విగ్రహం దాకా నడిచింది, మధ్యలో రెండుసార్లు కూర్చుని. కేక్ అక్కడే కోశాం. గాలికి కొవ్వొత్తి వెలగనే లేదు.