నంద్యాల 28 ఏళ్ళు బయట ఉండిపోయింది: మొండితనమా, మనస్సాక్షా?

ముత్యాలపాడు మనవడు:
అందరికీ వందనాలు. మొన్న బంధువుల పెళ్ళిలో విజయవాడ వైపు పెద్దాయన ఒకరు నా పక్కనే బంతిలో కూర్చున్నాడు. ఊరు అడిగి, "ఓహో, యూనియన్‌కి అడ్డం తిరిగిన నంద్యాలోళ్ళా" అన్నాడు. నవ్వుతానే అన్నాడు గానీ, నాకు ముద్ద దిగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. యూనియన్ అంటే దక్షిణాది ప్రొటెస్టెంట్ చర్చిలు కొన్ని కలిసి ఒకే చర్చి అవడం. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లు (ఇంగ్లండు చర్చి వైపువాళ్ళు), మెతడిస్టులు, ఎస్.ఐ.యు.సి. (సౌత్ ఇండియా యునైటెడ్ చర్చ్) వాళ్ళు కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినారు. ఎస్.ఐ.యు.సి. అంటే కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలు 1908లో కలిసి పెట్టుకున్న చర్చి. ఆంగ్లికన్ల నుంచి మద్రాసు, దోర్నకల్, తిరునల్వేలి, తిరువాన్కూరు-కొచ్చి డయోసిస్‌లు (ఒక్కో బిషప్పు కిందుండే ప్రాంతాలు) అందులోకి పోయినాయి. దోర్నకల్ కిందే ఉన్న మా నంద్యాల వైపు ఎస్.పి.జి. (ఇంగ్లండు ఆంగ్లికన్ మిషను) సంఘాల్లో ఎక్కువ భాగం మాత్రం పోలేదు. పాత చర్చిలోనే, కలకత్తా మెట్రోపాలిటన్ (బిషప్పులకు పెద్ద) కింద నిలబడినాయి. సి.ఎస్.ఐ.లోకి వచ్చింది 1975లో.

మా జేజికి (నాయనమ్మకు) అక్షరం ముక్క రాదు. ప్రార్థన పుస్తకంలోని ఆరాధన క్రమమంతా నోటికి వచ్చు. మా తాత ఉపదేశి (మిషను జీతం మీద ఊళ్ళో బోధించేవాడు). మా ఆంగ్లికన్లలో బిషప్పు తలమీద చెయ్యి పెట్టి అభిషేకిస్తేనే పాస్టరు. అలా చెయ్యి పెట్టని అయ్యగారు ప్రభు భోజనంలో రొట్టె విరిస్తే అది సంస్కారమా, ఉత్త రొట్టేనా అని ఆమెకు నిజమైన దిగులు. దాన్ని మొండితనం అంటే ఒప్పుకోను.

బందరు బాబు:
మనవడు గారూ, మీ జేజిగారి భక్తిని ఎవరూ తప్పుపట్టరండి. కానీ మేమూ ఆంగ్లికన్లమే కదా! ఫాక్స్, నోబుల్ 1841లో బందరులో దిగినప్పటి నుంచి సి.ఎం.ఎస్. (ఇంకో ఆంగ్లికన్ మిషను) వాళ్ళం. అదే ప్రార్థన పుస్తకం, అదే బిషప్పు. మాకు రాని దిగులు మీకెందుకొచ్చిందంటారు?

నేను విన్నంతలో అసలు తేడా లండన్‌లో ఉంది. సి.ఎం.ఎస్. యూనియన్‌ను సమర్థించి, డబ్బు పంపుతూనే ఉంది. ఎస్.పి.జి. తన సాధారణ నిధిలోంచి సి.ఎస్.ఐ.లో కలిసిన చోట్లకు ఇవ్వనంది. ఉపదేశి జీతం, బోర్డింగు పిల్లల తిండి, బడి పంతులు జీతం అన్నీ ఆ గ్రాంటు మీదే నడిచే ఊళ్ళో మనస్సాక్షి ఎంత స్వేచ్ఛగా మాట్లాడుతుందండీ? అడిగితే బాగుండదు గానీ అడుగుతున్నా.

మెదక్ మెతడిస్టు:
ఇద్దరు ఆంగ్లికన్లు కొట్లాడుతుంటే నడుమ దూరుతున్న, ఏమనుకోకుండ్రి. ఎప్పుడు జూసినా ఆంగ్లికన్లు ఏం పోగొట్టుకున్నరన్న లెక్కనే. మేం పోగొట్టుకున్నది ఎవ్వరడుగరు. మాది వెస్లియన్ మిషను. ఇంగ్లండు మెతడిస్టులకు బిషప్పులే లేరు. బిషప్పు అంటే రాజుల కాలం నాటి దర్జా అని మా పెద్దలకు గిట్టకపోవు. అయినా ఆ దినం మద్రాసుల కొత్తగ తొమ్మిది మందికి హస్తనిక్షేపణ (తలమీద చేతులుంచుడు) జేసి బిషప్పులను జేస్తే ఒప్పుకున్నం. ప్రెస్బిటేరియన్ న్యూబిగిన్ 37 ఏండ్లకే మదురై-రామనాడు బిషప్పయిండు. మేం బిషప్పును మింగినం. మీరేమో మా అయ్యగారి చేతి రొట్టె మింగలేకపోయిండ్రు.

ముత్యాలపాడు మనవడు:
మెదక్ అన్నా, ఆ చివరి మాటకు నవ్వొచ్చింది, నొప్పీ పుట్టింది.

బందరు గారూ, జీతాల మాట అబద్ధమని అనలేను. ఎండాకాలంలో మూడు నెలలు జీతం రాకపోతే మా తాత కొర్రలు అప్పు తెచ్చేవాడని మా నాయన చెప్పేవాడు. అది మనసులో లేకుండా ఎవరూ నిర్ణయం తీసుకోరు. కానీ మీ లెక్క ప్రకారం మేం డబ్బుకు నిలబడితే, మీరూ డబ్బు ఆగలేదు కాబట్టే కలిశారు అనాలి. రెండు వైపులా ఒకే తక్కెడ పెట్టండి.

యూనియన్ పథకంలో మాకు గుచ్చుకున్నది ఒక్కటే. పాత పాస్టర్లందరినీ, బిషప్పు చెయ్యి పడనివాళ్ళతో సహా, ఉన్నవాళ్ళను ఉన్నట్టే తీసుకున్నారు. ఇకమీదట మాత్రం ప్రతి అభిషేకమూ బిషప్పు చేతిమీదుగానే. మినహాయింపుల సంగతి 30 ఏళ్ళ తర్వాత చూద్దాం అన్నారు. ఏ సంఘం మీదా దానికి మనసొప్పని పాస్టరును రుద్దం అని ప్రమాణమూ చేసినారు. ఆ ప్రమాణం మీకు చాలింది, మాకు చాలలేదు. మాకే కాదు, 1948 లాంబెత్ సమావేశంలో (ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులంతా లండన్‌లో కూడేది) సి.ఎస్.ఐ. అభిషేకాల మీద బిషప్పులకే ఏకాభిప్రాయం కుదరలేదు.

బందరు బాబు:
తక్కెడ మాట ఒప్పుకుంటున్నానండి. ఇంకొకటి కూడా గుర్తుచేయాలి. కలిసినందుకు మేం ఆంగ్లికన్ కుటుంబంలోంచే బయటపడ్డాం. 1988 లాంబెత్ దాకా మమ్మల్ని పూర్తి సభ్యులుగా పిలవలేదు. కలవని మీరేమో దర్జాగా ఆంగ్లికన్లుగానే ఉన్నారు! దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు ఉండుంటే ఏమనేవారో. 1919లో తరంగంబాడిలో ఈ ఐక్యత మాట ఎత్తినవాళ్ళలో ఆయనే ముందున్నారు. 1912లో ఆంగ్లికన్లలో తొలి భారతీయ బిషప్పై, తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని దోర్నకల్‌లో బతుకంతా పెట్టారు. 1945 జనవరి 1న పోయారు, యూనియన్ కళ్ళచూడలేదు. ఆయన బతికుంటే నంద్యాల ఆగేది కాదని నా నమ్మకం. రుజువు అడగకండి.

పల్లె పిల్ల:
వందనాలు. మీరంతా బిషప్పు చెయ్యి గురించి మాట్లాడుతున్నారు. మా ఊళ్ళో ఎవరు ఏ చర్చి అన్నది ఏ దొర ముందు ఏ పల్లెకొచ్చాడన్న దాన్నిబట్టి తేలింది. మిషన్లు తాలూకాలు పంచుకున్నాయి, మనం వాటి పేర్లు పెట్టుకున్నాం. కీర్తనల పుస్తకం అందరికీ ఒకటే. ఎస్.పి.జి. పిల్ల, లండన్ మిషను (కాంగ్రిగేషనల్ వాళ్ళది) పిల్లోడు పెళ్ళాడితే ఎవరూ అడ్డం రాలేదు. మాల మాదిగల మధ్య పెళ్ళి మాటెత్తండి, అప్పుడు తెలుస్తుంది గీత ఎక్కడుందో.

ఇది మన దగ్గర మాత్రమే కాదు. కేరళలో సి.ఎస్.ఐ.లో వివక్ష చూపుతున్నారంటూ దళిత క్రైస్తవులు కొందరు బయటికొచ్చి 1964లో ఆంగ్లికన్ చర్చ్ ఆఫ్ ఇండియా పెట్టుకున్నారు. వాళ్ళు "ఆంగ్లికన్" అన్న పాత పేరు వెనక్కి తెచ్చుకున్నది మనవడన్న చెప్పే సంస్కారం దిగులుతో కాదు. పైన సంతకాలు పెట్టి కలిపిన చర్చిలో కింద తమకు చోటు దొరకలేదని. మొండితనమా మనస్సాక్షా అన్న మీ ప్రశ్నలో ఈ మూడోది లేదు.

లా పాయింటు:
ఒక చిన్న చేర్పు. కలవడం అంటే ప్రార్థనలో కలవడం ఒకటి, దస్తావేజుల్లో కలవడం ఒకటి. సి.ఎస్.ఐ. ప్రారంభానికి ఒక్కరోజు ముందు, 1947 సెప్టెంబర్ 26న, ఆస్తుల కోసం సి.ఎస్.ఐ. ట్రస్ట్ అసోసియేషన్‌ను కంపెనీల చట్టం కింద రిజిస్టరు చేశారు. ముందుచూపే. అటు గుజరాత్‌లో బ్రెదరన్ సంఘం ఉత్తర భారత చర్చిలో కలిసిందన్నాక ఆస్తి ఎవరిదన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తీర్మానం చేసుకుని కలిసినంత మాత్రాన ట్రస్టు ఆస్తి దానంతటది కొత్త చర్చికి పోదని 2013లో తీర్పు వచ్చింది. గుడి తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడకుండా ఐక్యత గురించి చర్చించడం నాకు వృత్తిరీత్యా కష్టం.

మెదక్ మెతడిస్టు:
వకీలు సాబ్ వచ్చినంక ఇగ దేవుని ముచ్చట ఏడుంటది. 😀
మనవడు తమ్మీ, ఒక్కటి జెప్పు. ఇరవై ఎనిమిదేండ్లు గట్టిగ నిలబడ్డోళ్ళు 1975ల ఎట్ల కలిసిండ్రు? దిగులు ఏడికి పోయింది?

ముత్యాలపాడు మనవడు:
చెప్తా అన్నా. 1970 నవంబర్ 29న నాగపూరులో ఉత్తర భారత చర్చి ఏర్పడింది. మా పాత చర్చి మొత్తం అందులో కలిసిపోయింది. వాళ్ళు మొదటిరోజే ఆరు చర్చిల పాస్టర్లనూ నిలబెట్టి ఒకరిమీద ఒకరు చేతులుంచి ప్రార్థన చేసుకున్నారు. అంటే మా అభ్యంతరానికి అక్కడ జవాబు దొరికింది. కానీ మేం చేరింది ఉత్తర భారతంలో! కుందూ ఒడ్డున కూర్చొని ఉత్తర భారత చర్చి అంటే ఎవరికైనా నవ్వు రాదా? చుట్టూ అంతా సి.ఎస్.ఐ. అయిదేళ్ళకు ఇటు వచ్చేసినాం.

దిగులు ఏమైందంటే, ఇది మా నాయన కళ్ళారా చూసింది. కలిసిన కొత్తలో జమ్మలమడుగు వైపు నుంచి, పాత లండన్ మిషను కుటుంబం, ఒక కుర్ర పాస్టరు మా ఊరికి సంస్కారానికి వచ్చినాడు. అందరూ బల్ల దగ్గరికి పోతాంటే జేజి చాప మీంచి లేవలేదు. "ఈయప్ప తలమీద చెయ్యి పెట్టిందెవరు?" అని మా నాయన్ను గట్టిగానే అడిగింది, గుడంతా వినపడేటట్టు. "బిషప్పేనమ్మా, సి.ఎస్.ఐ. వచ్చినాంక అందరికీ బిషప్పే" అన్నాడు మా నాయన. 28 ఏళ్ళలో పాతవాళ్ళు చాలామంది రిటైరైనారు, కొత్తవాళ్ళందరికీ బిషప్పే చెయ్యి పెట్టినాడు. జేజి కొంగు తలమీదికి లాక్కొని, పోయి మోకరించింది.

ఇంటికొచ్చినాంక మాత్రం, "రొట్టె మరీ మందంగా కోసినాడు" అనిందంట.

బందరు బాబు:
మా దగ్గరా మందంగానే కోస్తారండి.