సమస్య: బస్సుపై నుండి లోపలఁ బవ్వళించె

నిర్వాహకుడు: ఇంగ్లీషు ప్రిపొజిషన్ల పాఠం చెబుతుంటే తట్టిన పాదం. బస్సు పైన ఉంటూ లోపల పడుకోవడమెలా? ఆ విరోధం పోయేలా, ఈ పాదంతోనే ముగిసేలా పద్యం పూరించండి.

గురులఘువు:
కారులో నన్న 'ఇన్' గదా, కాని బస్సు
కాను వాడుట మర్యాద, గాన నతడు
ఎక్కి సీటెంచి కూర్చుండి యింత యొరిగి
బస్సుపై నుండి లోపలఁ బవ్వళించె.
'బస్సు కాను' అంటే బస్సుకు 'ఆన్' అని. లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగితే 'ఆన్': బస్సు, రైలు, విమానం. వంగి దూరి కూర్చుంటే 'ఇన్': కారు, టాక్సీ. ఇక ఇందులో విరోధమేదీ?

విసంధి వీరుడు: భావం బాగుంది మాస్టారూ. 'నతడు', వెంటనే 'ఎక్కి'. మధ్యలో సంధి ఏ స్టాపులో దిగిపోయింది?

గురులఘువు: పాదాంతంలో విరామం ఉంది. అక్కడ దిగి వెతుకుతున్నది మీరొక్కరే.

చాటువు:
పయన మున్నది వేకువన్, బండి తప్పు
నేమొ యన్నట్టి దిగులుతో నింట నతడు
తలుపు గడియను బిగియించి, తనదు మనసు
బస్సుపై నుండి లోపలఁ బవ్వళించె.

నిర్వాహకుడు: పాదాన్ని విడగొట్టి అర్థం మార్చే విరుపంటే ఇదీ! మనసు బస్సు మీద, మనిషి ఇంట్లో. ధ్యాస పెట్టడానికీ ఇంగ్లీషులో 'ఆన్' వాడతారు కదా, ఫోకస్ ఆన్, కాన్సన్‌ట్రేట్ ఆన్ అని. నేను పాదమిచ్చినప్పుడు ఇది తోచలేదు సుమా.

గురులఘువు: బాగానే ఉంది. పోయినసారి 'ఎట్ ద మార్నింగ్' అని వేసిన చెయ్యేనా ఇది? ఉదయానికీ సాయంత్రానికీ 'ఇన్ ద'. నైట్‌కి మాత్రం 'ఎట్', అదీ 'ద' లేకుండా.

చాటువు: అది గణం కోసం, అంటే పాదంలో గురులఘువుల లెక్క కుదరాలని వేశానండీ.

విసంధి వీరుడు: ఆ సాకు చెల్లదు తమ్ముడూ. పొల్లుతో 'ఎట్' గురువే, 'ఇన్' గురువే. యతిస్థానంలో, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోట ఉన్నా ఎకార ఇకారాలకు మైత్రి ఉండనే ఉంది. హాయిగా మార్చెయ్యొచ్చు. అది ఛందస్సు మీదికి నెట్టిన ఇంగ్లీషు తప్పు.

గురులఘువు: మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను.

చాటువు: మరి మీ సీస పద్యంలో 'డిస్కస్ అబౌట్' సంగతేంటి అన్నయ్యా? డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదని అప్పుడే చెప్పాను. ఇప్పటికీ దిద్దలేదు.

విసంధి వీరుడు: అబౌట్ తీసేస్తే అక్కడ పాదం కుంటుతుందయ్యా.

చాటువు: అంటే గణం కోసమేనన్నమాట!